పొగ సోకని తేనెపట్టమ్మ

నల్లమల లోపల, వాగు దాటి పైకెక్కితే వచ్చే కొండచరియ కింద తేనెపట్టమ్మ కొలువై ఉంది. ఇక్కడ దీపం పెట్టరు, అగరొత్తి వెలిగించరు, కర్పూర హారతి అసలే లేదు. కొత్తగా వచ్చిన భక్తులు "ఇదేం గుడి?" అని నొచ్చుకుంటారు. అమ్మ కథ విన్నాక ఆ మాట మళ్లీ అనరు.

పూర్వం ఇక్కడ ఈదన్న అనే చెంచు తేనె తీసేవాడు. అతను చరియకు వేలాడుతుంటే పైన తీగతాడు పట్టుకునేది బావమరిది బయ్యన్నే. అక్క పసుపుకుంకుమలు తన గుప్పిట్లో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడని వాళ్ల నమ్మకం. ఒక ఏడు ఈదన్న భార్య గురవమ్మ కాన్పయి లేవలేకపోయింది. గుక్కెడు గంజి కూడా లోపల నిలవడం లేదు. నాలుకకు అడవితేనె రాస్తేనే ప్రాణం నిలుస్తుందని మంత్రసాని చెప్పింది. కానీ అది పట్టులో పిల్లలుండే కాలం. అప్పుడు పట్టు ముట్టరాదు. ఈదన్న ముట్టడానికే దిగాడు.

పచ్చాకుల కట్ట అంటించి పొగ పెట్టాడు. ఎప్పుడైనా పొగకు ఈగలు మబ్బులా లేచిపోతాయి. ఆనాడు ఒక్కటీ లేవలేదు. రెక్కలతో పిల్లలను కప్పుకుని, ఆ పొగలోనే ఉక్కిరిబిక్కిరై రాలిపోసాగాయి. బిడ్డను పొదువుకుని పడుకున్న గురవమ్మ ఈదన్న కళ్లలో మెదిలింది. పొగకట్టను తడిబండకేసి నలిపేశాడు.

"బావా, పొగ ఆగిందేంది? ఈగలు చంపేస్తయి, పైకి రా!"

"తల్లులురా బయ్యా. నా చెయ్యి ఆడట్లేదు."

"మా అక్క తల్లి కాదా మరి!" అంటూ బయ్యన్న భోరుమన్నాడు. తాడు మాత్రం వదల్లేదు.

ఈదన్న కళ్లు మూసుకున్నాడు. "అమ్మా, నా ఇంట్లోనూ ఒక తల్లి ఉంది. దయుంటే ఇయ్యి" అని వట్టి చెయ్యి చాచాడు. ఈగలు మోచేతిదాకా వాలాయి, ఒక్కటీ కుట్టలేదు. తర్వాత మెల్లగా పై అంచు నుంచి పక్కకు జరిగాయి. పిల్లలు లేని ఆ అంచు తేనెనే సొరబుర్రలో పట్టుకుని పైకి వచ్చాడు.

గురవమ్మ ఆ తేనె నాకి, తెల్లవారేసరికి బిడ్డకు పాలిచ్చింది. ఈదన్న కలలో అమ్మ కనిపించి, "నువ్వు ఆర్పిన పొగే నాకు హారతి. ఇంకొకటి వద్దు" అన్నది.

నేటికీ ఇక్కడ మొదటి తేనె బాలింతలదే. కావలసినవాళ్లు చరియ కింద నిలబడి చెయ్యి చాచి అడుగుతారు. ఈగలు జరిగితే తెచ్చుకుంటారు, జరగకపోతే దండం పెట్టి దిగిపోతారు. అలా వట్టిచేతులతో దిగినవాళ్ల ఇళ్లూ పిల్లాపాపలతో చల్లగా ఉంటాయని పెద్దల మాట.