భుజం ఇంటికొచ్చింది

తుమ్మలకోట రాజు విజయభూపతి తన శక్తికి మించిన గద తిప్పబోయి కుడిభుజం జారగొట్టుకున్నాడు. చెయ్యి వేలాడేసుకుని సభకొచ్చి గర్జించాడు.

"నొప్పి తెలియకుండా దీన్ని ఎక్కించినవాడికి నా కంఠహారం! నా నోట 'అబ్బా' అనిపించినవాడికి దేశబహిష్కారం!"

ఆస్థాన వైద్యుడు శేషాచార్యులు మోకుతో, ఇద్దరు వస్తాదులతో ముందుకొచ్చాడు.

"చంకలో కాలు తన్నిపెట్టి, వీళ్లిద్దరూ ఒక్క లాగు లాగితే సరి ప్రభూ."

రాజు మొహం పాలిపోయింది. "నొప్పో?"

"గోరంత."

ఆ సభలోనే ఉన్నాడు ఈరన్న. రాజుని నవ్వించడం ఆయన కొలువు. ముసలివాడైనా మాట పదును తగ్గలేదు, పగ అసలే తగ్గలేదు. కిందటి ఉగాదినాడు ఒట్టి తుమ్ముకి పథ్యం పెట్టి, బొబ్బట్లు వడ్డించిన విస్తరి ముందునుంచి తనను లేపేసిన ఆచార్యుల్ని ఎలా మరిచిపోతాడు?

"నేను ఎక్కిస్తాను" అంటూ లేచాడు.

"ఆగవయ్యా! ఆస్థాన వైద్యుడు తప్ప పరాయివాడు రాజుగారి ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదు. కోట కట్టుబాటు తెలియదా?" అని అడ్డుపడ్డాడు శేషాచార్యులు.

"ముట్టుకుంటానని నేనన్నానా?"

ఎత్తయిన మంచం వేయించాడు. రాజుని బోర్లా పడుకోమని, కుడిచేతిని మంచం పక్కనుంచి కిందికి వేలాడనిమ్మన్నాడు. రాణిగారి చేత మణికట్టుకి మెత్తటి గుడ్డ చుట్టించి, దానికి చిన్న బిందె కట్టించాడు. అందులో ఆవిడే నీళ్లు పోస్తోంది.

"గభాలున పొయ్యకు తల్లీ! సన్నగా, నూనె పోసినట్టు."

"లాగుతోంది ఈరన్నా!" అన్నాడు రాజు, పళ్లు కరుచుకుని.

"చెయ్యి వదిలెయ్యండి ప్రభూ. మీరు బిగబడితే కండ గడియ వేసుకుంటుంది."

"భయంతో బిగుసుకుపోతుంటే ఎలా వదిలేది?"

'అబ్బా' రాజు పెదవుల దాకా వచ్చేసింది. ఈ వయసులో ఊరు విడిచి ఎక్కడికి పోను అనుకుంటూ ఈరన్న చప్పున వైద్యుడి వైపు తిరిగాడు.

"ఆచార్లుగారూ, గోరంత నొప్పేగా! మీ వైద్యం ఒకసారి మీ భుజానికి చేయించుకోండి. ప్రభువులకి ధైర్యం వస్తుంది."

"కానివ్వండి!" అన్నాడు రాజు.

వస్తాదు చెయ్యి ఇంకా తగలనే లేదు.

"చచ్చాన్రోయ్!" అంటూ ఆచార్యులు స్తంభాన్ని వాటేసుకున్నాడు. రెండో వస్తాదు ఆయన కాళ్లు పట్టి గుంజాడు.

"లాగాల్సింది భుజంరా, కాళ్లు కాదురా దున్నపోతా!" అని తిట్టాడు ఆచార్యులు.

రాజు మంచం అదిరేలా నవ్వాడు. ఆ నవ్వులో ఒళ్లంతా వదులైంది. లోపల ఎక్కడో 'టక్'మంది.

"ఏమిటా చప్పుడు?"

"తమ భుజం ఇంటికొచ్చింది ప్రభూ."

"మరి నొప్పేదీ?"

"అది ఆచార్లుగారు తీసేసుకున్నారు."

సభ గొల్లుమంది. రాణిగారు బిందె విప్పారు. రాజు లేచి కూర్చుని, కుడిచెయ్యి హారం మీదికి పోనిచ్చాడు.

"ఆ చెయ్యి కదపకండి! జోలె కట్టేదాకా ఒళ్లోనే ఉంచండి. ఎడంచేత్తో ఇవ్వండి."

"ఎడంచేత్తో దానమా? అపచారం!" స్తంభం చాటునుంచి అరిచాడు ఆచార్యులు.

"మీకొచ్చినప్పుడు తీసుకోకండి" అని ఈరన్న మెడ వంచాడు.

పడీపడీ నవ్వుతూ రాజు ఎడంచేత్తోనే హారం వేశాడు.