పటంలో పెరిగిన కోట

దంతిగిరి రాజుగారు దేశపటం గీయించారు. అందులో తన కోట చింతగింజంత ఉండడం చూసి మండిపడ్డారు. చిత్రకారుడు హడలిపోయి దాన్ని అరచేతంత చేశాడు. కోటకు అరపూట దూరంలో ఉన్న గొర్లదిన్నె ఊరు ఆ రంగు కింద మాయమైంది.

ఆ ఏడు వానల్లేవు. పటంలో ఉన్న ఊళ్ళన్నిటికీ కోట నుంచి గింజలు వెళ్ళాయి. మాకేవని గొర్లదిన్నెలో మేకలు కాసే సుంకులమ్మ వెళ్ళి అడిగితే, మంత్రి ఆమెను పటం ముందు నిలబెట్టాడు. "ఏదీ, మీ ఊరు చూపించు."

సుంకులమ్మ ఏరెక్కడో, ఎర్రగుట్టెక్కడో అడిగి తెలుసుకుంది. "ఆ రెంటికీ నడుమే మా ఊరు. అక్కడేదో గీసుందే సామీ?"

"అది కోట."

"పటం తప్పేమో?"

"రాజుగారు మెచ్చిన పటం తప్పెలా అవుతుంది?"

సుంకులమ్మ దండం పెట్టి వచ్చేసింది.

మర్నాడు రాజుగారు భోజనానికి వచ్చేసరికి, ముసలీ ముతకా పిల్లాజెల్లాతో సహా గొర్లదిన్నె అంతా విస్తళ్ళ ముందు బారులు తీరి కూర్చుంది.

"ఎవరు వీళ్ళంతా?"

"కోటలోవాళ్ళమే మారాజా," అంది సుంకులమ్మ. "మీ పటమే చెబుతోంది. కోటలోవాళ్ళకి అన్నం పెట్టేది మీ వంటశాలే కదా!"

"మీ ఊరెక్కడ, నా కోటెక్కడ!"

"నడిచొచ్చిన మా కాళ్ళకి తెలుసు. పటానికే తెలీదు."

పటం తప్పని ఒప్పుకోవాలి, లేదా రోజూ ఊరంతటికీ వడ్డించాలి. రాజుగారు చిత్రకారుణ్ణి పిలిపించి కోటను తగ్గించమన్నారు, గొర్లదిన్నెకు గింజల బండ్లు కట్టమన్నారు. చిత్రకారుడు గబగబా కుంచె తీశాడు.

"నిదానంగా గియ్యి నాయనా," అంది సుంకులమ్మ, విస్తట్లోంచి తలెత్తకుండా. "మాకింకా మజ్జిగ రాలేదు."