రవ్వముద్ద

ఇంతవరకూ నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. సరుకుల చీటీ తప్ప నా చెయ్యి ఇంకేం ఎరగదు. అయినా మా వర్ధనమ్మగారు నా ప్రశ్నకి జవాబిచ్చిన తీరు ఎక్కడో ఒకచోట ఉండాలనిపించి రాస్తున్నాను.

ఆవిడ పార్వతీపురంలో పిల్లలకి మృదంగం నేర్పుతారు. నేను ఆ ఇంట్లో వంట చేస్తూ, పిల్లలు వెళ్లాక ఆవిడ దగ్గరే తాళం వెయ్యడం నేర్చుకున్నాను. ఒకప్పుడు ఆవిడ పేరుమోసిన మృదంగ విద్వాంసులు కోదండపాణిగారి భార్య. విడిపోయి ఇరవై రెండేళ్లు. ఆయన కచేరీ చివర వాయించే వరస వింటే జనం లేచి చప్పట్లు కొడతారు. అది ఈవిడ రోట్లో పసుపు దంచే దెబ్బలోంచి పుట్టిందని ఆయనే చెబుతుంటారు. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఈవిడ నవ్వేస్తారు. "దంచింది నేను, చప్పట్లు ఆయనకి." రేడియోలో ఆయన కచేరీ వస్తే మాత్రం పాలు పొంగిపోయినా లేవరు. "ఇదిగో, ఇక్కడ తాళంకన్నా ముందు పరిగెడతాడు. ఎప్పుడూ ఇంతే," అని గొణుక్కుంటారు, ముద్దుగానే.

ఇక నా ప్రశ్న. నా పెనిమిటి నన్ను వదిలి తొమ్మిదేళ్లయింది. రెండు వీధుల అవతల వేరే మనిషితో ఉంటున్నాడు. ఈమధ్య ఆ ఇంట్లోనే ఉంటున్న వాళ్లమ్మకి, అంటే మా అత్తకి, పక్షవాతం వచ్చింది. ఏం పెట్టినా ఉమ్మేసి, "గున్నమ్మ చేతి అంబలి" అని నా పేరే తలుస్తోందని కబురొచ్చింది. ముసల్ది నన్ను కన్నకూతురిలా చూసింది. కానీ ఆ గుమ్మం తొక్కితే ఊరు నవ్వదా? దీనికింకా ఆశ చావలేదని వాడనుకోడా? నాలుగు రోజులు మింగలేక కక్కలేక, ఆఖరికి అడిగాను.

"అమ్మగారూ, మనల్ని వద్దన్న ఇంటికి మళ్లీ చెయ్యి సాయం చెయ్యొచ్చా?"

ఆవిడ నోరు తెరిచేలోగా వీధిలో ఆటో ఆగింది. ఒకాయన మృదంగం మోసుకుని లోపలికి వచ్చాడు. ఆ సాయంత్రం మా ఊళ్లోనే కోదండపాణిగారి కచేరీ.

"అమ్మా, గురువుగారు పంపారు. ఎడమ పక్క రవ్వ నిలవడం లేదు. రెండు దెబ్బలకే ఊడి పడుతోంది. మీ చేతికైతేనే వింటుందన్నారు."

మృదంగం ఎడమ తోలుకి తడి రవ్వముద్ద అంటిస్తేనే ఆ గుమ్మనే నాదం వస్తుంది. ఆవిడ ఊడిన ముక్కని వేళ్ల మధ్య నలిపి చూసి పకపకా నవ్వారు.

"వేయించిన రవ్వ పెట్టారయ్యా! ఇది ఉప్మాకి. గున్నమ్మా, పచ్చి రవ్వ తడిపి తే."

తడిపి ఇచ్చాను. ముద్ద చేసి తోలు నడుమ అద్దారు. తట్టి విన్నారు. చిటికెడు గిల్లి తీశారు. మళ్లీ తట్టారు. మూడోసారికి గదంతా గుమ్మంది. ఆవిడ కళ్లు మూసుకుని, తోలు మీద చెయ్యి ఒక్క క్షణం అలాగే ఆనించి, తీసేశారు.

"మీరూ రండమ్మా, ముందు వరసలో కుర్చీ వేశాం," అన్నాడాయన.

"కుర్చీ వద్దు నాయనా. చివర్లో పరిగెత్తొద్దన్నానని మాత్రం చెప్పు."

ఆటో వెళ్లిపోయింది. నాకు ఉక్రోషం ఆగలేదు. "కచేరీ అవగానే ఆ ముద్దని గీకి పారేస్తారు కదమ్మా!"

"పారెయ్యాలి మరి. ఉంచేస్తే తోలు పాడవదూ?" అంటూ ఆవిడ నా చేతికేసి చూశారు. మాటల్లో పడి నేను కడుక్కోలేదు. అంటుకున్న రవ్వ ఎండి, వేళ్లు ముడుచుకుపోతున్నాయి.

"వెళ్లింది మోగుతుంది గున్నమ్మా. చేతిలో ఉండిపోయిందే గుంజుతుంది. పో, కడుక్కో."

మర్నాడు పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచి మజ్జిగ కలిపి, స్టీలు గిన్నెలో పోసుకుని ఆ వీధికి వెళ్లాను. వాడు అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. నేను ఆగలేదు. ముసల్దాని పక్కన కూచుని చెంచాతో తాగించాను. ఉమ్మలేదు. గిన్నె అక్కడే కడిగి, నాతో తెచ్చేసుకున్నాను.