మరి నీకు, పీరమ్మా?

ఊ కొట్టేవాళ్లుంటే చెప్తాను. కునికేవాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లొచ్చు.

మా తాతల తాతలు ఇంకా పాకుతున్న కాలంలో మా ఊరంతా దూది ఏకేవాళ్లే. మేం కుట్టిన పరుపు మీద పడుకుంటే దొరలకు కూడా పొద్దెక్కేదాకా మెలకువ వచ్చేది కాదు. గాలికి దూది ఎగిరిపోతుందని తలుపులు బిగించుకుని, గదిలో విల్లు మీటుతూ ఏకేవాళ్లు. వారానికి ఒక్క సంతరోజే సెలవు.

ఆ ఊళ్లో ముసలివాళ్లకు ఒక పీడ ఉండేది. సంత మర్నాడు విల్లు పట్టగానే ఛాతీ బిగిసిపోయేది. ఊపిరి ఆడేది కాదు. సంతలో దిష్టి తగిలిందన్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. తగ్గలేదు. తాయెత్తు కట్టారు. తగ్గలేదు. చివరికి ముసలివాళ్లెవరూ సంతకు వెళ్లకూడదని కట్టడి చేసి, ఆ రోజు కూడా గదిలో కూర్చోబెట్టారు. వారానికోసారి వచ్చే పీడ రోజూ రావడం మొదలుపెట్టింది.

పీరమ్మ ఆ గదులు ఊడ్చే మనిషి. మొగుడు పోయాక అన్న మస్తాను ఇంట్లోనే ఉండేది. తల్లిలేని పిల్లని చంకనేసుకుని పెంచిన అన్న. ఆయనకు సంతంటే ప్రాణం. కట్టడి వచ్చాక ఒకనాడు గడపలో కూలబడి, రొప్పుతూ అన్నాడు.

"సంతకు పోనీకుండా బతికించి నన్నేం చేసుకుంటారమ్మా?"

పీరమ్మ చీపురు పక్కన పెట్టి కూర్చుంది.

"అన్నా, ఎక్కడుంటే పట్టేస్తోంది? ఏం చేస్తుంటే పట్టేస్తోంది? ఎక్కడికి పోతే వదులుతోంది?"

మస్తాను ఆలోచించాడు. "గదిలో ఉంటే. విల్లు పట్టుకుంటే. బయటికొస్తే కాస్త నయం. సంతలో అయితే అసలు గుర్తే ఉండేది కాదు."

పీరమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆ మూడు ప్రశ్నలే అడిగింది. అందరిదీ అదే జవాబు. ఊళ్లో దూది ఏకని ఒకే ఒక్క మనిషి, కుమ్మరి ఓబయ్యది మాత్రం వేరు. గట్టు ఎక్కితే గుండె పట్టేస్తుంది, కూర్చుంటే వదులుతుంది అన్నాడు.

"అయితే నీది మా నొప్పి కాదు బాబాయ్. ఆలస్యం చెయ్యకుండా వైద్యుడి దగ్గరికి పో" అంది. ఓబయ్య వెళ్లాడు. ఆ తర్వాత కూడా చాలా కుండలు చేశాడు.

పీరమ్మ పెద్దల ముందు నిలబడింది. "దిష్టి సంతలో లేదు. మన గదిలోనే, మనం పీల్చే దూదిదుమ్ములో ఉంది. గోడలు తీసేయండి."

ఊరిపెద్ద నన్నేసాబు నవ్వాడు. "గోడలు తీస్తే దూది ఎగిరిపోదూ?"

"దూది ఎగిరితే ఏరుకుంటాం మామా. ఊపిరి ఎగిరితే ఎక్కడ ఏరుకుంటాం?"

ఎవరూ కదల్లేదు. పీరమ్మ ఇంటికెళ్లి గునపం తీసి, అన్న గది గోడ తనే పడగొట్టింది. ముళ్లకంచెకు చిక్కుకున్న దూదంతా తనే ఏరింది. ఒక సంత గడిచింది, మస్తాను మాట తెగకుండా వచ్చింది. రెండో సంత గడిచింది, దగ్గు తగ్గింది. మూడో సంతకు తలపాగా చుట్టుకుని తనే నడిచి వెళ్లాడు, చెల్లికి ఆకులో జిలేబీ కట్టించుకుని వచ్చాడు. ఆ సాయంత్రమే నన్నేసాబు గునపం అడగడానికి వచ్చాడు.

అందరికంటే ఎక్కువ దుమ్ము మింగింది గదులు ఊడ్చిన పీరమ్మ. తన ఛాతీ పట్టేసినప్పుడు మాత్రం "వయసు కదా" అనుకుని ఊరుకుంది. ఒక పొద్దున లేవలేదు.

"అందరినీ అడిగావు. నిన్ను మాత్రం ఒక్కరమూ అడగలేదే తల్లీ" అని మస్తాను భోరుమన్నాడు. ఊరంతా ఏడ్చింది.

ఇప్పటికీ మా ఊళ్లో ముసలివాళ్లు ఆయాసమంటే "వయసు కదా" అననివ్వం. ఎక్కడుంటే, ఏం చేస్తుంటే, ఎక్కడికి పోతే అని అడుగుతాం. అడిగినవాడు బుర్రమీసాలవాడైనా సరే, ఆ పూటకు వాడే పీరమ్మ. జవాబు చెప్పిన ముసలివాళ్లు వాణ్ని ఊరికే పోనివ్వరు. చెయ్యి పట్టుకుని, "మరి నీకు, పీరమ్మా?" అని అడుగుతారు. వాడు నిజం చెప్పేదాకా ఆ చెయ్యి వదలరు.