విప్పని కడితం

వికారి నామ సంవత్సరం, శరత్తు. వరి పాలు పోసుకుంటోంది. పొద్దున్నే కాలువ మీద మంచు లేచి, నీళ్లూ ఆకాశమూ ఒకటేననిపించేది.

ఆ మంచులోంచి ఆస్థాన లేఖకుడు భైరవయ్య వచ్చి, గట్టు మీద రాజధాని కడితం పరిచాడు. కడితమంటే బొగ్గు పూసిన గుడ్డ పుస్తకం; బలపంతో రాస్తారు, తడిగుడ్డతో చెరుపుతారు. ఊరి నీటి వంతులున్న కడితం, నీళ్లు పంచే నీరటి పోలన్న చంకలో కట్టు కట్టి ఉంది.

"మీ వంతులు చెల్లవురా. ఏం చెయ్యాలో మా దాంట్లో ఉంది. ఒక్క మాట కలిపినా, తీసినా నీ తల ఉండదు."

పోలన్న చదివాడు. 'తెరిచి ఉన్న కడితంలో రాతంతా చెరుపు. అటుపైన ఈ కొత్త వంతులు ఎక్కించు.' ఆ కొత్త వంతుల్లో కింది పొలాల వాళ్లు ఒక్కరూ లేరు. నలభై ఇళ్ల తిండి!

నీటి చప్పుడుకి లేఖకుడి కళ్లు మూతపడ్డాయి. పోలన్న గుడ్డ తడిపి, కలలో తుడిచినట్టు మెల్లగా తుడిచాడు. భైరవయ్య కళ్లు తెరిచేసరికి రాజధాని కడితం నల్లగా మెరుస్తోంది.

"ద్రోహీ! చెరపమన్నది మీ ఊరిదిరా!"

"తెరిచి ఉన్నది అని కదయ్యా రాశారు? మాది విప్పమని ఎక్కడా లేదు. నా అంతట నేను విప్పితే మాట కలిపినట్టే కదా! ఇక రెండో పని చేద్దామంటే, కొత్త వంతులు కనబడ్డం లేదు బాబయ్యా."

రాజధానికెళ్లి మళ్లీ రాయించుకు రావడానికి నెల పట్టింది. అప్పటిదాకా పాత వంతులే నడిచి, కింది పొలాల్లో కోతలయ్యాయి.

పోలన్న నీరటి పని పోయింది. దానికిచ్చిన రెండు కుంటల మాన్యమూ పోయింది.