క్లారినెట్టు గవరయ్య నంబరు చెప్పలేదు

తెలివి ఎక్కువైపోయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడే ఇళ్ళు కొన్ని ఉంటాయి. గుల్లిపేటలో క్లారినెట్టు గవరయ్య ఇల్లు అలాంటిదే. గవరయ్య క్లారినెట్టు ఊదుతాడు. పెద్ద తమ్ముడు పైడయ్య బాకా ఊదుతాడు. చిన్న తమ్ముడు సన్యాసి పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. గవరయ్య పెళ్ళాం నూకాలు ఈ ముగ్గురికీ సలహాలిస్తుంది. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఏ పెళ్ళయినా వీళ్ళ మేళమే.

"మన బుర్రలు ఊళ్ళోవాళ్ళకి తలా కాస్త పంచితే గుల్లిపేట ఈపాటికి పట్నమైపోయేది," అని గవరయ్య రోజుకొకసారైనా అనుకుంటాడు. ఆ తెలివికి మూలం వాళ్ళ నాన్న. "ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చెయ్యండర్రా," అని చెప్పి కన్ను మూశాడు. అంతే, అప్పట్నుంచీ ఎవరేం చెప్పినా అంగుళం అటూ ఇటూ కాకుండా చేసుకొస్తున్నారు.

అంతటి ఇంటికి ఒక కష్టం వచ్చింది. ఆదివారం పొద్దున్న సాధన చేస్తుంటే గవరయ్య క్లారినెట్టు రీడు చీలిపోయింది. రీడంటే ఊదేచోట పెదవి కింద ఉండే పల్చటి చెక్కముక్క. అది లేకపోతే క్లారినెట్టు ఒట్టి గొట్టం. శుక్రవారమేమో వాగు అవతల ములగవలసలో మేనకోడలు సీతాలు పెళ్ళి! సీతాలు నెత్తురుగుడ్డుగా ఉన్నప్పుడే ఒళ్ళోకి తీసుకుని, "నిన్ను మంటపం దాకా నా క్లారినెట్టుతో నడిపిస్తానే అమ్మలూ," అని మాటిచ్చాడు గవరయ్య. ఇప్పుడా పిల్లకి ఇరవై రెండేళ్ళు, మాటలొచ్చినప్పట్నుంచీ కనబడినప్పుడల్లా ఆ మాట గుర్తు చేస్తూనే ఉంది.

పట్నంలో వాయిద్యాల దుకాణం ఎత్తేసి బిర్యానీ సెంటరు పెట్టారట. ఇక ఫోన్లో తెప్పించుకోవడమే దారి. గవరయ్య మొబైలు షాపు సత్యారావు దగ్గరికి పరిగెత్తాడు. పాపం, సత్యారావు మంచివాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియక మాట్లాడేశాడు.

"ఇదిగో గవరయ్యా, ఇది ముందే డబ్బులు వేసుకుని వాడుకునే కార్డు. వేసినంతే ఖర్చవుతుంది. రీడుకి సరిపడా వేసి, నీ ఫోను నంబరుకి కలిపేశాను. యాప్‌లో రీడు చూసుకుని, కార్డు మీదున్న నంబరు ఫోన్లో ఎక్కించావంటే ఇంటికే వచ్చేస్తుంది. రెండు మాటలు మాత్రం మర్చిపోకు. ఫోనూ కార్డూ ఒక్కచోట పెట్టకు, దొంగకి రెండూ కలిపి దొరికిపోతాయి. నంబర్లు ఎవరికీ చెప్పకు. బ్యాంకు వాళ్ళమన్నా సరే, కంపెనీ వాళ్ళమన్నా సరే, నోరు విప్పకు."

ఇంకేముంది! ఫోను గుల్లిపేటలో ఉంది కాబట్టి, కార్డుని ఆ సాయంత్రమే వాగు దాటించి, ములగవలసలో చెల్లెలు బంగారమ్మ, అదే సీతాలు తల్లి, ఇంట్లో బియ్యం డబ్బాలో అడుగున పెట్టించి వచ్చారు.

"ఇప్పుడు రమ్మను దొంగని," అన్నాడు సన్యాసి. "పాపం, వాడికి పడవ ఖర్చులు కూడా."

సోమవారం గవరయ్య ఫోన్లో రీడు దొరకబుచ్చుకున్నాడు. కార్డు నంబరు ఎక్కించమంది. కార్డేమో అవతల ఉంది.

"బంగారమ్మకి ఫోను చేసి అడిగితే?" అన్నాడు పైడయ్య.

"నంబరు ఎవరికీ చెప్పకూడదన్నాడా లేదా? అది మనకి చెప్తే తప్పు కాదూ?" అన్నాడు గవరయ్య.

"పోనీ కార్డు తెచ్చుకుంటే?"

"ఒక్కచోట పెట్టకూడదన్నాడా లేదా?"

అందరూ తలలు పట్టుకున్నారు. పెళ్ళి నాలుగు రోజుల్లో ఉంది. గవరయ్యకి అన్నం సహించలేదు. అప్పుడు నూకాలు విసనకర్ర కింద పెట్టి, "చెప్పకూడదన్నాడు గానీ వాయించకూడదన్నాడా?" అంది.

అబ్బ! ఆ మాటకి ముగ్గురన్నదమ్ములూ ఆవిడకి దణ్ణం పెట్టినంత పని చేశారు. సన్యాసి డ్రమ్ము, పైడయ్య బాకా పుచ్చుకుని వాగు అవతలి ఒడ్డుకి పోయారు. గవరయ్య ఫోను పట్టుకుని ఇవతలి ఒడ్డున కూర్చున్నాడు. సన్యాసి బియ్యం డబ్బాలోంచి తీసిన కార్డు చూసుకుంటూ మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు వేసి ఆగాడు. ఏడు వేసి ఆగాడు. తర్వాత అసలు ఆగిపోయాడు.

"అదేంటే, సున్నానా, వీపు గోక్కుంటున్నాడా?" అన్నాడు గవరయ్య.

"రెండూనేమో," అంది నూకాలు.

కేక వేసి చెప్పుకుని, సున్నా వచ్చినప్పుడల్లా పైడయ్య బాకా ఊదేట్టు కట్టుబాటు చేసుకున్నారు. మళ్ళీ మొదట్నుంచీ వాయించారు. మధ్యలో గవరయ్య లెక్క తప్పాడు. మూడోసారి వాయించారు. కార్డు వెనకాల ఉన్న మూడంకెలు కూడా వాయించారు. ఈలోగా రెండొడ్లకీ రెండూళ్ళూ కదిలొచ్చాయి. పొలాల్లో వాళ్ళు పని మానేసి వేళ్ళ మీద లెక్కపెట్టారు. బళ్ళో పంతులమ్మ ఇదే అదనని పిల్లల చేత ఆ అంకెలన్నీ పలకల మీద రాయించి, బట్టీ పట్టించింది. సాయంత్రానికి ఆ నంబరు రానివాడు రెండూళ్ళలో లేడు.

"ఒక్కడికైనా చెప్పామా?" అన్నాడు గవరయ్య మీసం దువ్వుకుంటూ. వేసిన డబ్బు రీడుకే సరిపోయింది కాబట్టి బతికిపోయారు.

నంబరు ఎక్కించగానే ఫోనుకి ఆరంకెల ఓటీపీ వచ్చింది. దాని కింద, దీన్ని ఎవరికీ చెప్పకండి అని ఉంది. ఆ వెంటనే యాప్ అదే ఓటీపీ అడిగింది.

"చూశావా వీళ్ళ వేషాలు!" అన్నాడు గవరయ్య. "పంపేదీ వీళ్ళే, అడిగేదీ వీళ్ళే. మన నోరెంత గట్టిదో చూస్తున్నారు."

ఫోనుని ఎదురుగా పెట్టుకుని, మూతి బిగించి, కళ్ళార్పకుండా దానివైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి గడువు ముగిసిందని వచ్చింది. "ఓడిపోయింది!" అని చప్పట్లు చరిచారు. అలా మూడుసార్లు గెలిచారు. నాలుగోసారికి నూకాలుకి అనుమానం వచ్చింది.

"ఏవయ్యా, ఫోను మనిషా?"

"కాదు."

"అన్నం తింటుందా?"

"ఎక్కడే, కరెంటు తింటుంది."

"మరి ఎవరికీ చెప్పొద్దంటే మనుషులకనే కదా. మనిషి కానిదానికి చెప్తే ఏం పోయింది?"

అంతే, గవరయ్య అంకెలు నొక్కేశాడు. గురువారానికల్లా రీడు వస్తుందని ఫోను చెప్పింది. ఆ రాత్రి ఆయన హాయిగా పడుకున్నాడు.

అన్నట్టే గురువారం మధ్యాహ్నం పార్సిళ్ళ మనిషి బండి మీద వచ్చాడు. నెత్తిన ఎండ, వీపున పెద్ద సంచి. చేతిలో చిన్న డబ్బా. దాన్ని చూసి గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది.

"మీ ఫోనుకి నాలుగంకెల నంబరొచ్చుంటుంది. అది చెప్తే ఇచ్చేస్తా," అన్నాడు పార్సిళ్ళ మనిషి.

గవరయ్య ఒక అడుగు ముందుకేశాడు.

"ముందు నువ్వు మనిషివేనా చెప్పు."

"కనబడట్లేదా?"

"అన్నం తింటావా?"

"పొద్దుట్నుంచీ తినలేదు. పెడతారా ఏంటి?"

"మనిషే!" అని ముగ్గురూ ఒక్కసారి అరిచారు. "చెప్పం! తల నరికినా చెప్పం!"

ఆయన బతిమాలాడు, విసుక్కున్నాడు, డబ్బా సంచిలో వేసుకుని పోయాడు. ఇంట్లో పండగే పండగ. మోసగాణ్ణి గుమ్మంలోంచే తరిమేశామని నూకాలు గారెలు వేసింది. గవరయ్య రెండో గారె నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"అవునే, మరి రీడేదీ?"

ఇంకేముంది! గారెలు అక్కడే వదిలేసి, డ్రమ్ము మెడకి తగిలించుకుని పరుగో పరుగు. ఊరి చివర టీ కొట్టు దగ్గర దొరికాడు. సన్యాసి ఆయన ఎదురుగా నిలబడి మూడు దెబ్బలు, ఒకటి, ఆరు, రెండు వాయించాడు. పార్సిళ్ళ మనిషి టీ గ్లాసు పట్టుకుని నోరు తెరిచి విన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టి ఫోన్లో వేసుకున్నాడు. డబ్బా ఇచ్చేసి, పోతూపోతూ ఒక ముక్క అన్నాడు.

"నచ్చకపోతే వెనక్కిచ్చెయ్యొచ్చండి. ఏడు రోజులు మాత్రం వాడకుండా అలాగే ఉంచాలి."

ఆ ముక్క అనకుండా పోయుంటే ఎంత బాగుండేది.

శుక్రవారం పది గంటలకి ముహూర్తం. సీతాలు పసుపు చీరలో, బుగ్గన చుక్కతో గుమ్మంలో నిలబడింది. గవరయ్య ముందు నిలబడ్డాడు, చేతిలో క్లారినెట్టు, జేబులో డబ్బా.

"ఊదు మావయ్యా."

"ఏడు రోజులు వాడకూడదన్నాడే అమ్మలూ."

"నీకు దణ్ణం పెడతాను మావయ్యా. ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నావు. ఒక్కసారి ఊదు."

గవరయ్య కళ్ళంట నీళ్ళు బొటబొటా కారాయి. ఊదాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ చెప్పింది చెప్పినట్టు చెయ్యకపోతే నాన్నకి మొహం ఎలా చూపిస్తాడు? "ఎనిమిదో రోజు నడిపిస్తానే తల్లీ, ఒట్టు," అన్నాడు.

పురోహితుడు వేళ మించిపోతోందని కేకలేశాడు. పైడయ్య బాకా ఎత్తాడు, సన్యాసి డ్రమ్మందుకున్నాడు. సోమవారమంతా అదే వాయించిన చెయ్యి కదా, దానంతటదే కార్డు నంబరు మీదికి పోయింది. నాలుగు, ఏడు, సున్నాకి బాకా. పిల్లలంతా గొంతెత్తి అంకెలు పాడారు. సీతాలు పదహారంకెల మీద మంటపానికి నడిచింది. కార్డు వెనకాల మూడంకెలు అయ్యేసరికి పీటల మీద కూర్చుంది. గవరయ్య రీడు లేని గొట్టం మీద వేళ్ళాడిస్తూ, ఏడుస్తూ ముందు నడిచాడు.

ఎనిమిదో రోజు తెల్లారింది. గవరయ్య తలంటుకుని, కొత్త రీడు బిగించి, తమ్ముళ్ళనీ నూకాలునీ వెంటేసుకుని సీతాలు అత్తారింటికి వెళ్ళాడు. అది ములగవలసకి కోసెడు, అంటే రెండు మైళ్ళ దూరం. సీతాలు అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఆ పిల్ల చేతిలో చేట తీసి పక్కన పెట్టి, మెళ్ళో పూలదండ వేసి, "పద అమ్మలూ, మంటపానికి," అన్నాడు. సీతాలు నవ్వాలో ఏడవాలో తెలియక లేచింది.

అప్పుడు ఊదాడయ్యా గవరయ్య! ఇరవై రెండేళ్ళు దాచుకున్న ఊపిరంతా ఊదేశాడు. కోసెడు దూరం ఎక్కడా ఆపలేదు. దారిలో బండ్లు ఆగిపోయాయి. సీతాలు చెంపల మీద నీళ్ళు తుడుచుకోకుండానే నడిచింది. బంగారమ్మ ఇంటి ముందు పందిరి తీసేసి ఐదు రోజులైంది, నాలుగు రాటల గుంటలు మిగిలాయి. ఆ గుంటల మధ్య పీట వేసి మేనకోడల్ని కూర్చోబెట్టి, ఆఖరి ముక్క ఊది, క్లారినెట్టు సంచిలో పెట్టేసుకున్నాడు.

"బాగుంది మావయ్యా," అంది సీతాలు ముక్కు చీదుకుంటూ. "మరి నన్ను మళ్ళీ అత్తారింట్లో ఎవరు దింపుతారు?"

"మంటపం దాకానే కదే నేను మాటిచ్చింది," అన్నాడు గవరయ్య.

వాగు దగ్గర పెళ్ళికొడుకు తవిటయ్య చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "బాబాయ్, మా ఆవిడ్ని బాజాలతో తీసుకుపోయారట. ఎక్కడుంది?"

"మంటపంలో."

"మంటపమెక్కడిది బాబాయ్, పీకేసి ఐదు రోజులైంది కదా!"

"అది పీకినవాళ్ళ తప్పు, మాది కాదు," అని గవరయ్య పడవెక్కాడు. పడవ కదిలాక నూకాలు వైపు తిరిగి, "చూశావా, చదువుకున్న కుర్రాడు, ఈపాటి తెలివి లేదు," అన్నాడు. నూకాలు పాపం అంటూ తలాడించింది. సన్యాసి ఊసుపోక డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు వేసి ఆగాడు, తర్వాత ఏడు వేశాడు. ఒడ్డున గేదెలు కడుగుతున్న పిల్లలు మిగతా అంకెలు అందుకున్నారు.