సంసారం విడిచిన రాకుమారుడు

ఎప్పటి మాటో గానీ పిల్లలూ, కుసుమపురమనే పట్నంలో ఒక రాజుగారుండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు, వాళ్ల తర్వాత ఒక్కగానొక్క కూతురు చారుమతి. పెద్దవాడు బలశాలి. నడిపివాడు భక్తిపరుడు. చిన్నవాడు మంజులుడు మాత్రం మాటలపుట్ట. గుర్రంతో మాట్లాడేవాడు, గోడతో మాట్లాడేవాడు, నిద్రలో కూడా ఎవరితోనో మాట్లాడేవాడు.

ఒకనాడు ధూమ్రకంఠుడనే మాంత్రికుడు పొగమబ్బులా దిగివచ్చి, తోటలో ఆడుకుంటున్న చారుమతిని ఎత్తుకుపోయాడు. రాజుగారు వెంటపడి, "నీ ప్రాణం ఎక్కడుందో చెప్పరా!" అని అరిచారు. అడిగినవాళ్లకు నిజం చెప్పితీరాలని వాడికి వాడి దేవత పెట్టిన కట్టడి.

"ఏడు సముద్రాల అవతల, పొగడచెట్టు మీది చిలకలో ఉంది. సంసారం విడిచినవాడికే అది చిక్కుతుంది!" అని నవ్వుతూ మాయమైపోయాడు.

"సంసారమంటే ఆలుబిడ్డలే కదా" అనుకున్నాడు పెద్దవాడు. భార్య ఎంత ఏడ్చినా వినకుండా, పిల్లల చేతులు విడిపించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

"ఆలుబిడ్డలొక్కటేనా? కాశీ పండితులు లోకమంతటినీ సంసారమే అంటారు" అన్నాడు నడిపివాడు. నగలు వదిలేశాడు, పట్టుబట్టలు వదిలేశాడు, ఉప్పూకారం కూడా వదిలేసి, గోచీ పెట్టుకుని వెళ్లాడు. వాడూ రాలేదు.

అప్పుడు మంజులుడు బయలుదేరాడు.

"నీకింకా పెళ్లే కాలేదు. నువ్వేం విడుస్తావురా?" అని రాజుగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"దారిలో అడిగి తెలుసుకుంటాను నాన్నగారూ. అడగడం నాకు బాగా వచ్చుగా!"

పోగా పోగా అరవదేశం వచ్చింది. అక్కడొక పూటకూళ్ల ఇంట్లో భోజనానికి కూర్చుని, పులుసు బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకున్నాడు.

"అంతా మా సంసారం చేతి వంటే" అన్నాడు ఇంటాయన.

"మీ సంసారంలో ఎంతమందండీ?"

"ఎంతమందేమిటి బాబూ! ఒక్కర్తే. మెల్లిగా మాట్లాడు, గరిటె పట్టుకుని ఇటే చూస్తోంది."

మంజులుడు పకపకా నవ్వి, అంతలోనే ఆలోచనలో పడ్డాడు. తమ ఊళ్లో సంసారమంటే ఇల్లూ పిల్లలూ. కాశీలో లోకమంతా. ఇక్కడేమో ఒక్క ఇల్లాలు. మరి ఆ మాంత్రికుడి ఊళ్లో ఏమిటో?

పడమటి కొండలు దాటేసరికి, ఒక ఏటి ఒడ్డున వలలో చిక్కుకుని నీటికుక్క ఒకటి గింజుకుంటోంది. మంజులుడు వల తెంచి దాన్ని విడిపించాడు.

"మేలు చేశావు. నీకేం కావాలి?" అందది.

"ధూమ్రకంఠుడు ఎక్కడివాడో కావాలి."

"ఈ మలయాళ తీరంవాడే. కోపమొస్తే ఇప్పటికీ ఇక్కడి భాషలోనే తిడతాడు. వాడి దీవికి దారి నేను చూపిస్తాను, పద."

మంజులుడు తన కథంతా చెప్పాడు. నీటికుక్క మీసాలు దులుపుకుంది. "సంసారమంటే మొదట్లో పారడమని మా ఏటి ముసలి హంస చెప్పేది. పారేదాని రుచి రేవురేవుకూ మారదూ? ఇక్కడి రుచేమిటో ఇక్కడివాళ్లే చెప్పాలి."

రేవులో పడవ నడిపే ఉణ్ణిమాయ అనే అమ్మాయి ఉంది. సరుకు పడవల మీద తిరిగి తెలుగు నేర్చుకుంది. మంజులుడు ఆమె పడవ ఎక్కాడు. నీటికుక్క ముందు ఈదుతుంటే వెనకే పడవ సాగింది. మంజులుడు మబ్బుల గురించి చెప్పాడు, తెడ్డు గురించి అడిగాడు, చేపల్ని పలకరించాడు. మొదటి సముద్రం దాటకముందే ఉణ్ణిమాయ విసిగిపోయి, "సంసారం మతి!" అని కసిరింది.

"సంసారమా? నాకింకా పెళ్లే కాలేదే!"

"పెళ్లి గొడవెవరికయ్యా? మా భాషలో సంసారమంటే మాట. ఇక మాటలు చాలించమన్నాను!"

మంజులుడి గుండె జారిపోయింది. తాను విడవాల్సింది మాట! రాజ్యమైతే నవ్వుతూ విడిచేవాడు. తిండైనా విడిచేవాడు. మాట లేకపోతే తనకింకేం మిగులుతుంది? అంతలో చెల్లెలి మొహం గుర్తొచ్చింది.

"ఉణ్ణిమాయా, ఇదే ఆఖరి మాట. చారుమతి దొరికేదాకా ఇక నోరు విప్పను" అన్నాడు.

దీవిలో దిగగానే అన్నలిద్దరూ రాతిబొమ్మలై కనిపించారు. ఇద్దరి నోళ్లూ తెరుచుకునే ఉన్నాయి. మంజులుడు పెదవులు బిగించాడు.

పొగడచెట్టుకు దగ్గరవుతుంటే ఒక ముసలాయన ఎదురై, "ఏ ఊరు నాయనా?" అన్నాడు. మంజులుడు పలకలేదు. ఒక భటుడు ఎదురై, "చేతగాని రాజుకు పుట్టిన పిరికివాడా!" అన్నాడు. రక్తం ఉడికింది, అయినా పలకలేదు. ఇంతలో మేడ కిటికీలోంచి చారుమతి కేక వినబడింది. అది మాయ కాదు, తన చెల్లెలే.

"చిన్నన్నయ్యా! నేనే! ఒక్కసారి పలకవా? నా మీద కోపమా?"

మంజులుడి కళ్లు ధారలు కట్టాయి. కండువా నోట్లో కుక్కుకుని, ఏడుస్తూనే చెట్టెక్కి చిలకను పట్టేశాడు.

ధూమ్రకంఠుడు పరుగెత్తుకొచ్చి కాళ్లమీద పడ్డాడు. "ఏం కావాలో చెప్పు! ఒక్క మాట చెప్పు!" మంజులుడు చెప్పలేదు. రాతిబొమ్మలవైపు వేలు చూపించాడు. వాళ్లు మనుషులయ్యారు. మేడవైపు చూపించాడు. తలుపులు తెరుచుకున్నాయి. అంతలో మాంత్రికుడు కత్తి దూసి మీదికి లంఘించాడు. మంజులుడు చిలక మెడ విరిచాడు. కత్తి చేతిలో ఉండగానే మాంత్రికుడు కూలిపోయాడు.

చారుమతి పరుగున వచ్చి అన్నను చుట్టేసుకుంది. "చెల్లీ" అన్నాడు మంజులుడు.

తిరుగు ప్రయాణంలో మాత్రం దాచుకున్నదంతా మాట్లాడేశాడు. చివరి సముద్రంలో, "ఉణ్ణిమాయా, నాతో సంసారం చేస్తావా?" అని అడిగాడు.

"ఏడు సముద్రాలూ ఒక్కడివే చేస్తున్నావుగా! మధ్యలో నన్నూ మాట్లాడనిస్తే చేస్తాను" అని ఉణ్ణిమాయ తెడ్డు వాడి చేతికిచ్చింది.

కుసుమపురంలో పెద్దవాడి భార్య వెంటనే తలుపు తియ్యలేదు. అతను అరుగుమీదే కూర్చుని బతిమాలుకున్నాడు. చివరికి పిల్లలే గడియ తీశారు. నడిపివాడు మొట్టమొదట ఆవకాయ అన్నం అడిగాడు. ఊరంతా తోరణాలు కట్టి మంజులుడికీ ఉణ్ణిమాయకూ పెళ్లి చేశారు. రాజుగారు వాళ్లకే పట్టం కట్టారు. ఏ దేశంవాళ్లు తగువుతో వచ్చినా, "ముందు మీ ఊళ్లో ఆ మాటకు అర్థమేమిటో చెప్పండి" అని ఆ రాజు అడిగేవాడట, రాణి వినేదట. జుట్టు నెరిసేదాకా వాళ్లు చల్లగా ఏలారు, రాజ్యం పచ్చగా ఉంది.